మా వ్యాసాల పుస్తకంలో పన్నీరు

చేతికి ఎర్రసిరా ఇవ్వగానే మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. తనకు తెలియనిదల్లా తప్పులాగే కనిపిస్తుంది. ప్రెస్సుల్లోనూ పత్రికాఫీసుల్లోనూ ఇతరుల రాతలు దిద్ది బతుకుతున్న కుర్రవాళ్ళు ఇది చదువుతుంటే, ముందుగా మీ కలం కాస్త పక్కన పెట్టండి. నేను రాసినదాంట్లో మీరు దిద్దవలసింది ఏమీ లేదు. ఉంటే ఉండనివ్వండి. నేను రిటైరయ్యాను గాని నా కోపం ఇంకా సర్వీసులోనే ఉంది.

చెప్పబోయేది అరకులోయలో నా మొదటి ఉద్యోగం నాటి సంగతి. పంతొమ్మిది వందల ఇరవైల మాట. కొండమీది పల్లెల్లో బళ్ళు పెట్టాలంటే అక్కడివాళ్ళనే పంతుళ్ళుగా తయారు చెయ్యాలని సర్కారుకు తోచిన రోజులవి. అందుకని లోయలో ఒక పెంకుటింట్లో ట్రెయినింగు బడి పెట్టి, నన్ను అందులో రెండో పంతులుగా వేశారు. శృంగవరపుకోట దాకా ఎడ్లబండి, అక్కడి నుంచి ఘాటీ అంతా కాలినడక. పైకి చేరేసరికి నా కిర్రుచెప్పులు రెండూ రెండు రకాలుగా అరిగిపోయాయి.

మొదటి పంతులు, అంటే మా హెడ్మాస్టరుగారు, విజయనగరంలో చదువుకున్న తెలుగు పండితుడు. అందరూ ఆయన్ని పెద్దపంతులుగారు అనేవాళ్ళు. శాలువా మీద శాలువా కప్పుకుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చునేవాడు. కొండల సౌందర్యం మీద అప్పటికప్పుడు పద్యం చెప్పగలడు, కాని చలిగాలి వస్తుందని కొండవైపు కిటికీ మాత్రం తియ్యనిచ్చేవాడు కాదు. బడి అరుగు దాటి ఆయన నడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

మా విద్యార్థులు పిల్లలు కారు. మీసాలున్నవాళ్ళు, పెళ్ళాం బిడ్డలున్నవాళ్ళు. తమలో తాము వాళ్ళ మాట మాట్లాడుకునేవాళ్ళు, మాతో తెలుగు మాట్లాడేవాళ్ళు. వాళ్ళలో ఒకతను నాకంటే పెద్దవాడు. లోయకి అవతల, ఒక కొండ ఎక్కి దిగితే వచ్చే పల్లె అతనిది. ముగ్గురు పిల్లల తండ్రి, మంచి వేటగాణ్ణని చెప్పుకునేవాడు, మిగతావాళ్ళు ఆ మాటకి నవ్వేవాళ్ళు. ఈ కథ అతనిది.

ఆ ఏడాది మన్యం మీద అధికారం చేసే తెల్లదొర కొత్తగా తెలుగు పరీక్ష ప్యాసయ్యాడు. మునిషీ దగ్గర కూర్చుని పాత గ్రంథాలు చదువుకుని ప్యాసయ్యాడు కాబట్టి, ఆయనకి వచ్చిన తెలుగు ఆ గ్రంథాల్లో తప్ప బయట ఎక్కడా లేదు. బంట్రోతును పిలిచి "ఓయీ, నా యశ్వమును కొనిరమ్ము" అనేవాడు. పాపం ఆ బంట్రోతు కాసేపు నిలబడి, మొదట కుర్చీ, తరవాత గొడుగు, చివరికి గుర్రం తెచ్చేవాడు. దొరకి మాత్రం తన తెలుగంటే ప్రాణం. చదవడానికి ఏదైనా కొత్త పుస్తకం కావాలనిపించి మా బడికి ఒక ఉత్తర్వు పంపాడు. ప్రతి విద్యార్థీ "మా ఊరు" అని ఒక వ్యాసం రాయాలి. అవన్నీ దిద్ది, అచ్చు వేయించి పంపాలి. తనకు అన్నిటికంటే నచ్చిన ఊళ్ళో బడి పెట్టిస్తాడు, ఆ వ్యాసం రాసినవాణ్ణే అక్కడ పంతులుగా వేస్తాడు. మిగతావాళ్ళు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పోవాలి.

ఖాళీలు ఉన్నది సీతంపేట కొండల్లో. అక్కడి మాట వేరు, మనుషులు వేరు, చేరుకోవడానికే బోలెడు రోజులు. ఉత్తర్వు చదివి వినిపించిన సాయంత్రం మా పెద్ద విద్యార్థి నా గదికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు.

"పంతులుబాబూ, నన్ను సీతంపేట ఏసేత్తే నా ఆడది రాదు."

"ఎందుకు రాదు? నచ్చజెప్పు."

"సెప్పాను బాబూ. ఆవుల్ని ఒగ్గి రానంది. ఆవుల తరవాతే నాను. మా ఊరికి బడొత్తే మా గుంటలూ సదువుకుంటారు, నానూ ఇంటికాడ ఉంటాను. ఎలాగైనా నా రాత దొరకి నచ్చాల."

అతని గొంతులో బెంగ విని నాకు జాలేసింది. సరే, రాయి, నేను చూసుకుంటాను అన్నాను. దిద్దే పని నాకు అప్పగించారు కదా, ఆ వయసులో నా మీద నాకు చాలా నమ్మకం.

నా పద్ధతి ఒక్కటే. మార్చిన ప్రతి మాటా రాసినవాడికి చదివి వినిపించాలి. అతను "ఊఁ" అంటే ఉంచాలి, తల గోక్కుంటే తీసెయ్యాలి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. వాళ్ళ ఊళ్ళు నాకు తెలియవు గనక, తెలియనివాడు చెయ్యగలిగింది అంతకంటే లేదు గనక అలా చేశాను. పెద్దపంతులుగారికి ఈ పద్ధతి గిట్టేది కాదు. శిష్యుడు తల గోక్కోవడం గురువుకి ప్రమాణమా అనేవాడు. నేను దిద్దిన కాగితాలు తీసుకుని వాటికి కాస్త అలంకారం అని తనూ కొంత చేర్చేవాడు. ఏ ఊరి వ్యాసం చూసినా అందులో ఒక కొలను, కొలనులో తామరలు, తామరల పక్కన హంసలు వచ్చి చేరేవి. అవి మా పెద్ద విద్యార్థి వ్యాసంలోకీ వచ్చాయి. నేను చదివి వినిపించగానే అతని చెయ్యి తలమీదికి పోయింది.

"అంస అంటే ఏటి బాబూ?"

"తెల్లటి పక్షి."

"కొంగా?"

"కొంగ కాదు. దానికంటే గొప్పది."

"తింటారేటి?"

"తినరు."

"మరెందుకు మా ఊళ్ళో పెట్టినారు?"

హంసల్ని కొట్టేశాను, కొలనునీ పూడ్చేశాను. పెద్దపంతులుగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజుల్లో చాలా పని జరిగింది.

హంసలు పోయాక మిగిలిన వ్యాసం నిజంగా బాగుంది. అందులో చైత్రమాసంలో జరిగే వేటపండగ గురించి రాసిన భాగం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. "పండగకి మా ఊరి మగోళ్ళందరూ వేటకి వెళ్తారు. ఏదో ఒక జంతువును తెస్తే ఆడోళ్ళు ఎదురొచ్చి కాళ్ళు కడిగి పాట పాడతారు. ఉత్తచేతులతో వచ్చినవాళ్ళ మీద పేడనీళ్ళు పోసి తిట్టుపాటలు పాడతారు. ఆ రోజు మగోళ్ళు ఏమీ అనకూడదు. ఏడాదిలో మా ఆడోళ్ళకి అన్నిటికంటే ఇష్టమైన రోజు అదే. నా మీద చాలాసార్లు పోసారు." మిగతా విద్యార్థులు అతని వేట గురించి ఎందుకు నవ్వేవాళ్ళో అప్పుడు అర్థమయింది. అందులో ఒక్క అక్షరం ముట్టుకోకుండా, అందంగా తిరగరాసి విజయనగరం ప్రెస్సుకి పంపాను.

అచ్చుకాగితాలు దిద్దుబాటు కోసం టపా మనిషి చేత కొండ ఎక్కి వచ్చేవి. చివరి విడత వచ్చేసరికి నాకు చలిజ్వరం పట్టుకుంది. క్వినైను బిళ్ళలు మింగి, మూడు గొంగళ్ళ కింద పడుకుని, చెవుల్లో హోరు వింటూ ఉన్నాను. ఆ విడత పెద్దపంతులుగారు దిద్ది పంపించాడు.

పుస్తకం అచ్చయి వచ్చింది. మంచి కాగితం, గట్టి అట్ట. ఒక ప్రతి దొరకి అప్పటికే నేరుగా వెళ్ళిపోయింది. విద్యార్థులంతా తమ తమ పేజీలు తిప్పి మురిసిపోతున్నారు. మా పెద్ద విద్యార్థి మాత్రం తన పేజీ పట్టుకుని చాలాసేపు చదివి, నెమ్మదిగా నా దగ్గరికి వచ్చాడు.

"సాలా బాగున్నాది బాబూ. ఇది ఏ ఊరు?"

పుస్తకం లాక్కుని చూశాను. "మృగయావినోదమున నలసి యరుదెంచు వీరులపై నెలతలు పన్నీరు చిలుకరించి మంగళగీతములు పాడుదురు" అని ఉంది. కొలను మళ్ళీ తవ్వారు. హంసలు కూడా తిరిగి వచ్చాయి.

జ్వరం తగ్గి లేచిన నీరసం కూడా మరిచిపోయి పెద్దపంతులుగారి గదికి వెళ్ళాను.

"పేడనీళ్ళు ఏమయ్యాయండీ?" అన్నాను.

ఆయన చెవిలో దూది తీసి, నా మాట మళ్ళీ అడిగి విని, మళ్ళీ పెట్టుకున్నాడు. "దొరవారు చదివే గ్రంథంలో పేడ ఏమిటయ్యా? సరస్వతికి శుచి ఉండవద్దూ?"

"ఆ కొండమీద పన్నీరు ఎక్కడి నుంచి వచ్చిందండీ?"

"కావ్యంలో పన్నీరు ఎక్కడిదని అడిగినవాణ్ణి నిన్నే చూస్తున్నాను. దొర ఆ ఊరు వెళతాడా, పెడతాడా? ఎందుకు అంత ఆవేశం? పోయి గంజి తాగి పడుకో."

ఆ పని చేస్తే బాగుండేది. కాని నేను అరిచాను, ఆయన అరిచాడు, ఎన్నడూ తియ్యని కిటికీ ఎవరో తీసి మా ఇద్దర్నీ చూశారు. అంతకంటే ఏమీ జరగలేదు. అచ్చయిపోయినదాన్ని అరుపులతో చెరపలేం కదా.

దొర నిజంగానే ఆ ఊరు వెళ్ళాలనుకున్నాడు. బంట్రోతు కబురు తెచ్చాడు. పుస్తకమంతా చదివిన దొరకి అన్నిటికంటే నచ్చింది మా పెద్ద విద్యార్థి ఊరే. ముఖ్యంగా ఆ పన్నీటి ముక్క. ఈసారి వేటపండగకి తానే స్వయంగా వస్తాడట. వాళ్ళతో పాటు వేటాడి, పుస్తకంలో రాసినట్టే స్వాగతం పొంది, అక్కడే అందరి ఎదుటా బడి మంజూరు చేస్తాడట.

మా పెద్ద విద్యార్థి ముందు ఎగిరి గంతేశాడు. గంతు నేల మీదికి దిగేలోపు సంగతి తెలిసివచ్చింది కాబోలు, ముఖం మారిపోయింది.

"దొర గురి ఎలాటిది?" అని బంట్రోతుని అడిగాడు.

"కళ్ళజోడు తీసేస్తే ఆయన ఎక్కిన గుర్రం కూడా ఆయనకి కనపడదయ్యా."

"ఎట్టుకుంటే?"

"గుర్రం ఒకటే కనపడుతుంది," అన్నాడు బంట్రోతు.

ఇక పెద్దపంతులుగారి హడావిడి చూడాలి. మొదటిసారి ఆయన అరుగు దిగాడు. దొర మీద పేడ పడితే బడి రాకపోవడం అటుంచి, మన్యం మొత్తం మీద తన ఉద్యోగం ఎక్కడా ఉండదని ఆయనకి తెలుసు. సాలూరు షావుకారు దగ్గర నుంచి పన్నీరు సీసా తెప్పించి, ఆడవాళ్ళకి నచ్చజెప్పి రమ్మని నన్నూ, మా విద్యార్థినీ వాళ్ళ ఊరికి తోలాడు.

అతని భార్య ఇంటిముందు చోళ్ళు, అంటే రాగులు, దంచుతోంది. ఊరి ఆడవాళ్ళకి పండగనాడు ఆవిడే పెద్ద అట. విషయమంతా నేను చెప్పాను. రోకలి ఆపకుండా విన్నది. సీసా చేతికిస్తే మూత తీసి వాసన చూసింది.

"పువ్వులోసన. మరి పువ్వులేవి?"

"పువ్వుల నుంచి తీసిన నీళ్ళమ్మా. ఇది దొర మీద చిలకరిస్తే చాలు."

"ఏట తెచ్చినాడేటి?"

"ఇంకా పండగ రాలేదు కదా. తెస్తే సరే. ఒకవేళ తేకపోతే..."

"తేనోడికి ఏటి పోత్తామో మా మావ మీకు రాసిచ్చినాడు గదా బాబూ. అదే పోత్తాం. దొరకి సేతుల్లేవేటి?"

మావ అన్నది మొగుణ్ణి. ఆ మావ గోడవైపు చూస్తున్నాడు. నేను చివరి అస్త్రం తీశాను. "అమ్మా, దొరకి కోపం వస్తే మీ ఊరికి బడి రాదు. మీ ఆయన్ని సీతంపేట వేసేస్తారు."

రోకలి ఆగింది. ఆవిడ మొగుడి వైపు చూసిన చూపు నేను మరిచిపోలేదు. అతను సీతంపేట పోతే ఆవిడకీ కష్టమేనని ఆ చూపులో తెలిసిపోయింది.

"బడి నాకూ గావాల బాబూ," అంది. "నా గుంటలు సదవాల. ఈడు ఇంటికాడ ఉండాల. కానీ ఏడాదికి ఈ రోజొక్కటే మాది. దొరకోసం మానేత్తే రేపు పన్నులొసూలుకొచ్చే ముఠాదారుకి మానాల. ఎల్లుండి ఈడికీ మానాల. అప్పుడింక పండగేటి?"

మళ్ళీ దంచడం మొదలుపెట్టింది. మేము లేచి వస్తుంటే వెనకనుంచి పిలిచింది. "సీసా మాత్రం ఉంచండి. నూనెకి పనికొత్తాది."

పెద్దపంతులుగారు అంతటితో ఊరుకోలేదు. దొర చేతికి ఏదో ఒక జంతువు దొరికేలా చేస్తే పేడ గొడవే ఉండదని ఆయనకి తట్టింది. బంట్రోతు చేత ఒక అడవికోడిని సంపాదించి, దొర నడిచే దారి పక్కన పొదలో కాలికి తాడు వేసి కట్టించాడు. పాపం ఆ పథకం చెడ్డది కాదు. ఎలాటి దొర అన్నదే ఆయన ఆలోచించలేదు.

పండగనాడు తెల్లవారగానే తుడుం డప్పులు మోగాయి. మగవాళ్ళంతా విల్లంబులతో బయల్దేరారు. దొర తుపాకీతో, జేబులో మా పుస్తకంతో వచ్చాడు. "మీ గ్రామము మిక్కిలి రమ్యముగా నున్నది. కొలను ఎచ్చట?" అని అడిగాడు. ఎండిపోయిందండీ అన్నాను. నా ఉద్యోగ జీవితంలో ఒక వ్యాసకర్తని కాపాడడానికి ఆడిన అబద్ధాల్లో అదే మొదటిది.

తరవాత దొర వేట మొదలుపెట్టాడు. ఆకు కదిలితే కాల్చాడు, కదలకపోయినా కాల్చాడు. చెట్లకి బాగా దెబ్బలు తగిలాయి. ఆ చప్పుళ్ళకి లోయలో ఉన్న దుప్పులూ పందులూ కుందేళ్ళూ అన్నీ జయపురం అడవుల దాకా పారిపోయి ఉంటాయి. విల్లు పట్టుకున్నవాళ్ళు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుంటున్నారు. చివరికి కోడి ఉన్న పొద దగ్గరికి వచ్చాం. నాతో పాటు దొర వెంట వచ్చిన పెద్దపంతులుగారు మెడ చాచి పొదకేసి చూశాడు. దొర వంగి చూశాడు. తుపాకీ కింద పెట్టాడు.

"అయ్యో, ఈ పక్షిని ఎవ్వరో నిర్దయులు బంధించినారు!" అని స్వయంగా తాడు విప్పి, నిమిరి, వదిలేశాడు. కోడి రెక్కలు కొట్టుకుంటూ కొండకేసి ఎగిరిపోయింది. పెద్దపంతులుగారు అక్కడే ఒక రాయి మీద కూలబడ్డాడు. ఆయన మీద నాకు ఎంత కోపమున్నా ఆ క్షణంలో జాలేసింది.

పొద్దు వాలింది. ఊరివాళ్ళలో ఒక్క మగాడి చేతిలోనూ ఈక కూడా లేదు. అందరికీ దొర మీద మంటగా ఉంది, కాని పైకి ఎవరూ అనలేదు. ఊరి మొదటికి రాగానే మాత్రం అందరికీ ఒక్కసారిగా మర్యాద పుట్టుకొచ్చింది. "దొర ముందు నడవాల, దొర ముందు" అంటూ తప్పుకుని ఆయన్ని ముందుకు పంపి, వరసగా ఆయన వెనక నక్కారు. పొడుగాటి మనిషి కాబట్టి చాలామందికి చోటు సరిపోయింది.

ఎదురుగా ఆడవాళ్ళు కుండలతో నిలబడి ఉన్నారు. అందరి కంటే ముందు మా విద్యార్థి భార్య. దొర టోపీ తీశాడు. జేబులోంచి పుస్తకం తీసి, మడత పెట్టుకున్న పేజీ తెరిచి, పన్నీటి కోసం కళ్ళు మూసుకుని తల వంచాడు. ఆవిడ కుండ ఎత్తింది.

"ఒలే, ఆగు!" అని అరుపు వినిపించింది. మా పెద్ద విద్యార్థి వెనక వరసలోంచి పరుగెత్తుకుంటూ వచ్చి దొర ముందు నిలబడ్డాడు. రొప్పుతున్నాడు. తన మాటలో చెబితే దొరకి అర్థం కాదని అతనికి తెలుసు. మేము బడిలో నేర్పిన పుస్తకం తెలుగు మొదటిసారి, ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ వాడాడు.

"దొరవారూ, అది పన్నీరు కాదు. పేడనీళ్ళు. వేట తేనివారి మీద మా ఆడువారు పేడనీళ్ళు పోయుదురు. నేను అట్లే వ్రాసితిని. పుస్తకములో నున్నది నిజము కాదు. మా ఊరిలో కొలను లేదు. ఎన్నడూ లేదు."

కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి అతనికి. ఆ పుస్తకం నచ్చబట్టే కదా దొర ఈ ఊరికి బడి ఇస్తానన్నాడు. అది అబద్ధమని తన నోటితో చెప్పేశాడు. సీతంపేట దారి తనే పట్టుకున్నట్టయింది. నోరు మూసుకుని ఉంటే నేరం ఆడవాళ్ళ మీదికి పోయేది, అది ఇష్టం లేకపోయింది.

దొర కళ్ళు తెరిచి, పేజీ చూసి, కుండ చూసి, నా వైపు తిరిగాడు. "ఏది సత్యము?"

"అతను చెప్పిందే సత్యమండీ. నేను పంపిన ప్రతిలో పేడనీళ్ళే ఉన్నాయి," అన్నాను.

"మరి పన్నీరు ఎవ్వరిది?"

పెద్దపంతులుగారు మఫ్లరు విప్పి మళ్ళీ చుట్టుకోవడంలో మునిగిపోయాడు.

దొర ఆవిడ వైపు తిరిగాడు. "అమ్మా, నేనును వేట తేలేదు. నాకేమి విధి?"

మొగుడు ఆ మాట ఆవిడకి చెప్పాడు. ఆవిడ కుండ దించలేదు. "నానేటి సెప్పేది, కనపడతంది గదా," అంది.

దొర కళ్ళజోడు తీసి బంట్రోతుకిచ్చాడు. పుస్తకం నాకిచ్చాడు. కోటు గుండీలు పెట్టుకుని, రెండడుగులు ముందుకు వేసి, మళ్ళీ తల వంచాడు. కుండ నిండుగా, నెమ్మదిగా, ఒక్క చుక్క వృథా కాకుండా పోసింది ఆవిడ. ఆడవాళ్ళు పాట అందుకున్నారు. దాని అర్థం చెప్పమని దొర అడిగితే ఎవరూ చెప్పలేదు.

పేడ కారుతున్న కనుబొమ్మలు తుడుచుకుంటూ దొర వెనక్కి చూశాడు. "పండితులును నాతో వచ్చినారు కదా."

"నేను వేటకి రాలేదు, పర్యవేక్షణకి వచ్చాను," అన్నాడు పెద్దపంతులుగారు వెనక్కి నడుస్తూ.

"సేతులు కాళీయేగా?" అంది ఆవిడ. ఆయన రెండు శాలువాలూ తడిసిపోయాయి. తరవాత ఆవిడ నా ముందుకు వచ్చింది. నా చేతిలో పుస్తకం ఉందని, చెయ్యి ఖాళీ కాదని ఎత్తి చూపించాను.

"అది తింటారేటి?" అని అడిగింది. సమాధానం కోసం ఆగలేదు.

ఆఖరున తన మొగుడి దగ్గరికి వెళ్ళింది. అతని మీద పోసింది మాత్రం సగం కుండే. అది ప్రేమ అని నేను అనుకున్నాను, నీళ్ళు అయిపోయాయని ఊళ్ళోవాళ్ళు అన్నారు.

దొర గొంగళి కప్పుకుని, చోడి అంబలి తాగి, పళ్ళు టకటకలాడుతుండగా గుర్రమెక్కి వెళ్ళిపోయాడు. బడి గురించి ఒక్క ముక్క అనలేదు. అదే మమ్మల్ని చంపింది. పెద్దపంతులుగారు పైవాళ్ళకి బదిలీ అర్జీ పెట్టుకున్నాడు. మా విద్యార్థి రోజూ పొద్దున్నే వచ్చి, "సీతంపేటకి ఏ దారి బాబూ, సాలూరు మీద నుంచేనా?" అని అడిగేవాడు. నేను అతనికి ధైర్యం చెప్పలేక విసుక్కునేవాణ్ణి.

కొన్నాళ్ళకి బంట్రోతు రెండు ఉత్తర్వులు తెచ్చాడు. ఆ ఊళ్ళో బడి మంజూరు, పంతులుగా మా పెద్ద విద్యార్థి. తాను ఏ ఊరికి బడి ఇచ్చాడో ఆ ఊరు తనకు ఇప్పుడు బాగా తెలుసునని దొర కింద ఒక వాక్యం చేర్చాడు. అది విని మా విద్యార్థి నేల మీద కూర్చుండిపోయాడు. నేను వెళ్ళి కౌగిలించుకున్నాను. ఇద్దరం ఏడ్చాం, చెప్పడానికి సిగ్గేమీ లేదు.

రెండోది పుస్తకం గురించి. ప్రతి ప్రతికీ చివర తప్పొప్పుల పట్టిక అతికించాలి, అది పండితులవారే స్వయంగా తయారుచెయ్యాలి. పెద్దపంతులుగారు తలుపు వేసుకుని తయారుచేశాడు. తప్పు అన్న గడిలో పన్నీరు, మంగళగీతములు అని ఉన్నాయి. ఒప్పు అన్న గడిలో "గోమయోదకము, నిందాగీతములు" అని రాశాడు. నేను ఎర్రసిరా తీసి, ఆయన ఎదుటే ఆ రెండూ కొట్టేసి, పేడనీళ్ళు, తిట్టుపాటలు అని వేశాను. తరవాత మా పద్ధతి ప్రకారం గట్టిగా చదివి వినిపించాను. ఆయన చెయ్యి తల దాకా వెళ్ళింది. మధ్యలో ఏమి తట్టిందో దించేసి, "ఊఁ" అన్నాడు.

ఆ చీటీలు గంజి రాసి మేమంతా కూర్చుని అతికించాం. దొర నా చేతిలో పెట్టిన ప్రతి ఇప్పటికీ నా బీరువాలో ఉంది. అట్ట మీద పచ్చటి మరక ఎన్ని రకాలుగా తుడిచినా పోలేదు, ఇప్పుడు తుడవడం మానేశాను.

ఆ ఊళ్ళో బడి తెరిచిన రోజు నేనూ వెళ్ళాను. ఆకుల పందిరి కింద పిల్లలు కూర్చున్నారు, అందులో అతని పిల్లలు ముగ్గురూ ఉన్నారు. పందిరి పక్కన ఆవుల్ని కట్టి భార్య నిలబడి ఉంది. కొత్త పంతులు పుస్తకం తీసి, చివరి చీటీ ఆవిడకి చూపించాడు.

"అదేటి సెప్తంది మావా?" అని అడిగింది.

"నువ్వు పోసిందే ఒప్పని అచ్చేసినారే."

ఆవిడ చీటీ మీద వేలు పెట్టి, ఎక్కడ రాసి ఉందో అడిగి, ఆ మాటని తడిమి చూసింది. తరవాత నా వైపు తిరిగింది.

"ఒప్పేనా బాబూ? అయితే మళ్ళేడు కూడా రమ్మనండి దొరని. పెద్దపంతుల్ని మరిసిపోకండి."